17 ఏళ్ల బాబు: కొట్టుకోవడం, కొరకడం, 18 నిండాక గార్డియన్ కాగితాలు

ప్రశ్న (నల్గొండ నుంచి ఒక తల్లి)

మా బాబుకి 17 ఏళ్లు. తీవ్ర ఆటిజం, మాటలు లేవు. ఇప్పుడు నాకంటే ఎత్తు, బరువు. ఈమధ్య సాయంత్రమైతే చాలు, తన చెంప మీద తనే గుద్దుకుంటున్నాడు. ఆపబోతే నా జుట్టు పట్టుకుంటాడు. మా అత్తయ్యని ఒకసారి కొరికాడు కూడా. మావారు డ్యూటీ నుంచి వచ్చేసరికి రాత్రవుతుంది. మా పాప పదో తరగతి, గదిలో గడియ పెట్టుకుని చదువుకుంటోంది. డాక్టరు గారు రిస్పెరిడోన్ రాశారు. వేయాలంటే భయం, వేయకపోతే ఇల్లు నడవడం లేదు. ఇది చాలదన్నట్టు, 18 నిండితే తల్లిదండ్రులు గార్డియన్లు కారంటున్నారు. నిజమేనా?

జవాబు (గుంటూరు, 24 ఏళ్ల కొడుకున్న అమ్మ)

చెల్లీ, ముందు పళ్లు చూపించావా? గుద్దుకునేది రెండు వైపులా, ఒక్క వైపేనా? కొత్తగా మొదలైంది, అదీ చెంప మీదే అంటే నా అనుమానం మొదట నొప్పి మీదకే పోతుంది. పంటి నొప్పి, చెవిపోటు, మలబద్ధకం, ఛాతీలో మంట, వీటిలో ఏదీ వాడు నోటితో చెప్పలేడు. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకు. రోజూ వెళ్తున్నాడని మనం అనుకుంటాం, కడుపు సగం కూడా ఖాళీ అయి ఉండదు. ఉన్నట్టుండి కాసేపు శూన్యంలోకి చూడటం, పిలిస్తే పలకకపోవడం లాంటివి ఉంటే న్యూరాలజిస్టుకి చెప్పు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ఫిట్స్ యుక్తవయసులో మొదలవుతాయి.

ఒక నోట్‌బుక్ పెట్టు. గొడవ ఎంతసేపు జరిగిందన్నది ముఖ్యం కాదు, దానికి ముందు ఏం జరిగిందో రాయి. మా ఇంట్లో రాసినవి ఇలా ఉండేవి: “6.40, కుక్కర్ రెండో విజిల్. చెవులు మూసుకున్నాడు. నేను స్టవ్ దగ్గర్నుంచి కదల్లేదు. వచ్చి చేయి కొరికాడు.” ఇలాంటివి వరసగా చదివాక కుక్కర్ పని పొద్దునకి మార్చాం, సాయంత్రం గిన్నెలోనే అన్నం వార్చడం. కొరకడం పూర్తిగా పోలేదు, తగ్గింది.

జుట్టు పట్టుకుంటే వెనక్కి లాక్కోకు. వాడి పిడికిలిని నీ రెండు చేతులతో నీ తలకే అదిమి పట్టు. లాగడానికి సందు ఉండదు, నొప్పి తగ్గుతుంది, కాసేపటికి పట్టు సడలుతుంది. ఆ సమయంలో అరవొద్దు, బుజ్జగించొద్దు. మాట ఎక్కువయ్యేకొద్దీ వాడికి ఇంకా చిరాకు. సాయంత్రాలు జడ కాకుండా ముడి వేసుకో, చున్నీ, గొలుసు తీసి పక్కన పెట్టు. పాప గడియ పెట్టుకోవడం తప్పు కాదు, అది అలాగే ఉండనీ.

మందు సంగతి. రిస్పెరిడోన్ ఆటిజాన్ని తగ్గించదు, ఈ కోపం, కొట్టుకోవడం తగ్గడానికి ఇస్తారు. ఆకలి, బరువు బాగా పెరుగుతాయి, అందుకని మొదలుపెట్టే ముందే బరువు చూసి రాసుకో. షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించాలో డాక్టరునే అడుగు. మొదలుపెట్టాక మీ అంతట మీరు ఆపేయొద్దు. నన్నడిగితే, నొప్పి ఉందేమో తేలేలోపు మందు వద్దనను. రెండూ ఒకేసారి నడవొచ్చు, నువ్వూ తట్టుకోవాలిగా.

ప్రశ్న అడిగినామె

ఎడమ వైపే అక్కా! ఆలోచిస్తే అన్నం కూడా కుడివైపే నములుతున్నాడు. కానీ డెంటిస్టు దగ్గర నోరు తెరవడు. క్రితంసారి కుర్చీ కూడా ఎక్కలేదు. ఇంకోటి, మా ఆడపడుచు ఆటిజానికి స్టెమ్ సెల్స్ (మూలకణాల) చికిత్స చేయించమంటోంది, లక్షల్లో ఖర్చట.

జవాబు (సికింద్రాబాద్, స్పెషల్ ఎడ్యుకేటర్)

అమ్మా, మామూలు క్లినిక్‌లో బలవంతంగా పట్టుకుని చూపించకండి, తర్వాత ఏ డాక్టరునీ దగ్గరకు రానివ్వడు. మత్తు డాక్టరు ఉండే ఆసుపత్రి గానీ డెంటల్ కాలేజీ గానీ చూసుకుని, జనరల్ అనస్థీషియా ఇచ్చి చేస్తారా అని ముందే ఫోన్‌లో కనుక్కోండి. ఒప్పుకుంటే ఆ మత్తులోనే చెవులు చూడటం, రక్తపరీక్షకు రక్తం తీయడం కూడా చేయమని అడగండి. పొద్దున మొదటి కేసుగా పెట్టమనండి. ముందు రాత్రి నుంచి కడుపు ఖాళీగా ఉంచాలంటారు కాబట్టి వంటగదికి తాళం వేయాల్సి వస్తుంది.

స్టెమ్ సెల్స్ వద్దు. 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం అవి కొన్ని రక్త సంబంధ జబ్బులకే ఆమోదించిన చికిత్స, అందులో ఆటిజం లేదు. ఆ డబ్బుతో సాయంత్రాలు ఒక మనిషిని తోడు పెట్టుకోండి.

జవాబు (ఖమ్మం, ఒక తండ్రి)

గార్డియన్ సంగతి నిజమేనండి. 18 నిండితే చట్టం దృష్టిలో మీ అబ్బాయి మేజర్. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద జిల్లా కలెక్టర్ ఆధ్వర్యంలో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, గార్డియన్‌ని నియమించేది అదే. తల్లిదండ్రులిద్దరూ కలిసి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆటిజానికి ఈ చట్టం వర్తిస్తుంది కనుక కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. ఆధార్, వయసు రుజువు, వైకల్య ధ్రువపత్రం ఇప్పటి నుంచే ఒక ఫైలులో పెట్టండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా తిప్పి పంపుతారు, ఇప్పుడే సరిచేయించండి.

అదే నేషనల్ ట్రస్ట్ కింద నిరామయ అనే ఆరోగ్య బీమా కూడా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. ముందస్తు వైద్య పరీక్ష అడగరు, థెరపీ ఖర్చులకూ పరిమితిలో ఇస్తారు. పాత పన్ను విధానంలో ఉంటే మీవారు బాబు వైకల్యం పేర ఆదాయపు పన్ను మినహాయింపు (1961 చట్టంలో సెక్షన్ 80డీడీ) తీసుకోవచ్చు. వైకల్యం 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 1,25,000, 40 నుంచి 80 లోపైతే 75,000.

ప్రశ్న అడిగినామె

చాలా థాంక్సండి. మా అత్తయ్య ఊళ్లో స్థలం బాబు పేర రాసేస్తానంటున్నారు. రాయించుకోవచ్చా?

జవాబు (ఖమ్మం, ఒక తండ్రి)

తొందరపడొద్దండి. బాబు పేర ఆస్తి ఉంటే, నియామకమైన 6 నెలల్లోపు గార్డియన్ ఆ ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఆ తర్వాత ఏటా లెక్కలు చూపాలి. మీరు చూపగలరు, మీ తర్వాత ఎవరు చూపుతారన్నదే ప్రశ్న. మీ తర్వాతి గార్డియన్‌గా పాప పేరు ఇప్పుడే రాసేయకండి, పెద్దయ్యాక తనని అడిగి రాయండి. ఈలోగా అత్తయ్య గారిని వీలునామా రాయమనండి, బాబు కోసం ట్రస్టు (వాడి తరఫున ఆస్తిని చూసే ఏర్పాటు) పెట్టడం కుదురుతుందేమో వకీలుని అడగండి. గార్డియన్ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా రిజిస్ట్రేషన్ జోలికి పోకండి.