కొఠియా నుంచి జోలాపుట్ దాకా సరిహద్దు ఊళ్ల పటం: పాత రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

విశాఖలో హైస్కూలు పిల్లల కోసం ఆంధ్ర-ఒడిశా సరిహద్దు మన్యం పటం గీస్తున్నాం. రెండుచోట్ల ఆగిపోయాం, తెలిసినవారు సాయం చేయండి.

మొదటిది రికార్డుల సంగతి. 1936 ఏప్రిల్ 1న జయపురం సంస్థానం ఒడిశాకు వెళ్లింది. సాలూరు వైపు మాత్రం విశాఖ జిల్లా నుంచి 1950లో శ్రీకాకుళంలోకి, 1979లో విజయనగరంలోకి, 2022లో పార్వతీపురం మన్యంలోకి మారింది. అందుకే ఒకే ఊరి కాగితం నాలుగు జిల్లాల పేర్ల కింద వెతకాలి. సాలూరు పక్కనున్న కొఠియా ఊళ్లయితే రెండు రాష్ట్రాలూ మావేనంటాయి కాబట్టి రెండుచోట్లా చూడాల్సిందే. 1950కి ముందరి గ్రామ పటాలు ఇప్పుడు ఏ కార్యాలయంలో ఉన్నాయి? నకలుకి అర్జీలో ఏమేం రాయాలి?

రెండోది పటం పొసగకపోవడం. సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లు (అరకు, పాడేరు 65 జె, విశాఖ 65 ఓ) ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి పాత కొలతల నమూనా) మీద గీసినవి. వాటిని జీపీఎస్ వాడే కొత్త నమూనా డబ్ల్యూజీఎస్ 84 మీద నేరుగా పెడితే ఊళ్లు 200 మీటర్లకు పైగా జరుగుతాయి. మచ్‌ఖండ్ నదే సరిహద్దు అయినచోట ఇది చిన్న తేడా కాదు, ఊరు ఏకంగా అవతలి రాష్ట్రంలో పడుతుంది. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్, వై, జెడ్ అక్షాల వెంట వరుసగా 295, 736, 257 మీటర్ల సవరణ వాడుతున్నాం. మన్యానికి ఇంతకంటే మెరుగైన విలువలు ఎవరైనా వాడారా?

మచ్‌ఖండ్ నది మీది జోలాపుట్ జలాశయంలో మునిగిన ఊళ్ల పేర్లు, అక్కడి గదబ, పొరజ గిరిజన కుటుంబాలు ఎక్కడికి తరలాయో చెప్పగల పెద్దలుంటే దయచేసి తెలపండి. పటంలో ఆ ఊళ్లు లేకపోతే చరిత్ర సగమే అవుతుంది.