త్రూ-హోల్ (కాళ్లను రంధ్రాలలో దూర్చే) బోర్డులకు విడిభాగాలను యంత్రంతో అందించడం ఎలా?

ప్రశ్న: మేము ఎల్‌ఈడీ డ్రైవర్ బోర్డులలో రెసిస్టర్లను, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను ఇప్పటికీ చేతితోనే అమరుస్తున్నాము. సంచులలో విడిగా వచ్చే ఈ భాగాలను ఇన్సర్షన్ యంత్రానికి (భాగాలను బోర్డులో దూర్చే యంత్రానికి) అందించడానికి బౌల్ ఫీడర్ (కంపిస్తూ భాగాలను వరుసగా పంపే గిన్నె) సరిపోతుందా?

జవాబు: కెపాసిటర్లకు దానిని నేను సూచించనండి. వాటి పొడవైన కాళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకోవడమే కాక, ప్లస్, మైనస్ గుర్తించి తిప్పడానికి కెమెరా కూడా అవసరమవుతుంది. 12.7 మిల్లీమీటర్ల ఎడంతో టేపుకు అతికించిన అమ్మో ప్యాక్‌లే (టేపును మడతలుగా పేర్చిన పెట్టెలే) కొనండి. అందులో అన్నీ ఒకే దిశలో ఉంటాయి కనుక, ఫీడర్ ఒక్కొక్కటిగా జరిపి, కత్తిరించి ఇస్తే చాలు.

మరొక జవాబు: రెసిస్టర్లు 5 మిల్లీమీటర్ల ఎడంతో టేపులలో దొరుకుతాయి. అయితే బోర్డు రంధ్రాలు మరీ బిగువుగా ఉంటే ఎంత మంచి ఫీడర్ పెట్టినా కాళ్లు వంగుతాయి. ముందుగా రంధ్రాలను కాస్త పెంచి, అడుగున మడిచిన కాలు పక్క ట్రాక్‌కు (బోర్డుపై ఉండే రాగి గీతకు) తగలకుండా చూసుకోండి. బరువైన ట్రాన్స్‌ఫార్మర్లను మాత్రం చేతికే వదిలేయండి.