పెద్దవాళ్ల కోసం కొత్త హోమ్‌లు కట్టాలా, ఉన్న ఇళ్లనే సరిచేయాలా?

గుమ్మం: ప్రపంచంలో 65 దాటినవాళ్లు 2021లో దాదాపు 76 కోట్లు. 2050కి 160 కోట్లకు చేరతారని ఐక్యరాజ్యసమితి అంచనా. ఇంతమందికి హోమ్‌లు కట్టుకుంటూ పోవడం జరిగే పని కాదు. డెన్మార్క్ 1987లోనే పాత తరహా సంరక్షణ గృహాలు కొత్తగా కట్టకుండా చట్టం చేసింది. మా అమ్మ పడింది మెట్ల మీద కాదు, బాత్‌రూమ్‌లో. తలుపు లోపలికి తెరుచుకునే రకం. పడ్డ మనిషే తలుపుకి అడ్డం. మేం బయట నిలబడి మాట్లాడుతూనే ఉన్నాం, తోస్తే ఆవిడకే తగులుతుంది. చివరికి బందులు ఊడదీశాం. ఇప్పుడు తలుపు బయటికి తెరుచుకుంటుంది, గోడకి పట్టుకోవడానికి కమ్మీ ఉంది. రెండు రోజుల పని, అంతే. ప్రభుత్వాలు డబ్బు ముందు ఇక్కడ పెట్టాలి.

రాత్రిడ్యూటీ: తలుపు మాట నిజమేనండీ. కానీ డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న మనిషి రాత్రి రెండింటికి లేచి వీధిలోకి వెళ్లిపోతే కమ్మీ ఏం చేస్తుంది? నేను ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూసుకునే పనిలో ఉన్నాను. రోజుకి ఏడిళ్లు. మనిషి దగ్గర కూర్చునే టైమ్ కంటే దారిలో పోయేదే ఎక్కువ. నెదర్లాండ్స్‌లో హోగెవేక్ అని డిమెన్షియా ఉన్నవాళ్ల కోసమే 2009లో చిన్న ఊరిలా కట్టారు. లోపలే వీధులు, దుకాణం. తిరగాలనిపిస్తే తిరుగుతారు, తప్పిపోరు.

అద్దెకొంప: ఇద్దరూ సొంతిల్లు ఉన్నట్టే మాట్లాడుతున్నారు! మా ఓనర్ గోడకి మేకు కూడా కొట్టనివ్వడు. కొత్తగా కట్టే ఇళ్లకైనా పెద్దవాళ్లకి వీలుగా ఉండాలని రూలు పెట్టాలి. గడప అడుగు ఎత్తుంటే 1:12 వాలుతో ర్యాంపుకి పన్నెండడుగుల చోటు కావాలి. కట్టేశాక అంత చోటు ఎక్కడ తెస్తాం?

గుమ్మం: అద్దె సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. రాత్రిడ్యూటీ గారూ, జపాన్‌లో 2000 నుంచి సంరక్షణ బీమా ఉంది. 40 నిండిన దగ్గర్నుంచి ప్రీమియం కడతారు. కమ్మీలకీ, డే కేర్‌కీ, ఇంటికొచ్చే మనిషికీ అందులోంచే సాయం. 2012లో పగలూ రాత్రీ ఎప్పుడైనా ఇంటికొచ్చే సేవ కూడా చేర్చారు.

రాత్రిడ్యూటీ: అక్కడా ఈ పనికి మనుషులు దొరకడం లేదు కదండీ. ఇళ్లు ఒక శాఖ చూస్తుంది, ఆరోగ్యం ఇంకో శాఖ. రాత్రి రెండింటికి వచ్చే మనిషి జీతం ఏ పద్దులో రాస్తారో ముందు అది చెప్పండి.