8×10 రేకుల షెడ్డులో రాయి సాన, వెండి పని రెండూ కుదురుతాయా?

ప్రశ్న: వెండిపట్టీ
ఇంటి వెనక 8 బై 10 అడుగుల రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. ఒక కిటికీ, ఒక తలుపు, 15 ఆంప్స్ పాయింటు ఒకటి, పక్కనే కుళాయి. అగేట్ రాళ్లని నున్నటి గుమ్మటం ఆకారంలో (కాబషాన్) సానబెట్టి, వెండి ఉంగరాల్లో బిగించాలని ఉద్దేశం. ఫేసెటింగ్ (రాయికి చదును ముఖాలు కోయడం) జోలికి పోను. బల్ల ఒకటి చాలా, రెండు కావాలా? 2800 ఆర్‌పీఎం బెంచ్ గ్రైండర్‌కే 6 అంగుళాల డైమండ్ చక్రాలు బిగించొచ్చా? వెండి అతకడానికి వంటింటి సిలిండర్ వాడుకోవచ్చా?

నీటిసాన:
గ్రైండర్ సంగతి మర్చిపోండి. ఆ వేగంలో 6 అంగుళాల చక్రం అంచు నిమిషానికి 1,300 మీటర్లు దాటి తిరుగుతుంది. నీళ్లు చక్రం మీద నిలవకుండా మొహాన కొడతాయి. పైగా ఆ మోటారు పొడి పనికి చేసింది, తడి తగిలితే ఎంతోకాలం ఉండదు. అర హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం సింగిల్ ఫేజ్ మోటారు తీసుకుని, సమాన సైజు పుల్లీలతో బెల్టు మీద షాఫ్టుని తిప్పండి. అంచు వేగం 690 మీటర్ల దగ్గర ఆగుతుంది, అది చాలు. మోటారుకీ చక్రాలకీ మధ్య రేకు అడ్డం పెట్టండి.

కరెంటు దగ్గర పిసినారితనం వద్దు. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగ్ రెండూ ఉండాలి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని ఎవరైనా అంటే వినకండి. ప్లగ్గుకి వెళ్లే తీగ ముందు కిందికి వంపు తిరిగి, తర్వాత పైకెక్కాలి. తీగ వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే నేలకి కారిపోతుంది.

నీళ్లకి 20 లీటర్ల క్యాను ఎత్తులో పెట్టి, అక్వేరియం ట్యూబు, చిన్న వాల్వు చాలు. చుక్కలు కాదు, సన్నటి ధార పడాలి. పంపు పెట్టి వాడిన నీళ్లనే మళ్లీ తిప్పాలన్న ఆలోచన రానీయకండి: 80 గ్రిట్ (అంకె చిన్నదైతే గరుకు ఎక్కువ) చక్రం కింద పడిన రవ్వ నీళ్లతో పాటు 1200 చక్రం మీదికొచ్చి, అప్పటిదాకా చేసిన పనంతా గీరేస్తుంది.

అగేట్ అంటే సిలికాయే. రాయి అరిగి వచ్చే మడ్డిని ఎండాక చీపురుతో ఊడిస్తే ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. అందుకే మడ్డి తడిగా ఉండగానే గుడ్డతో ఎత్తేయాలి. తుంపర కూడా పీల్చకూడదు కాబట్టి ఎన్95 మాస్కు తప్పదు. వాడిన నీళ్లు సింకులో పోస్తే గొట్టం పూడుకుపోతుంది. బకెట్లో రాత్రంతా తేరనిచ్చి, అడుగు మడ్డిని సంచిలో కట్టి పారేయండి.

వెండిపట్టీ:
చక్రాలు 80, 220, 600, 3000 నాలుగే కొంటే? మధ్యలోవి తర్వాత చూసుకుంటాను.

గీటురాయి:
మానేయాలంటే 80 మానేయండి, 280 మాత్రం మానకండి. 80, 220 గట్టి చక్రాలు. అవి రాయి మీద కంటికి సరిగా ఆనని చిన్న చిన్న చదును మచ్చలు వదులుతాయి. వాటిని కలిపేసి గుమ్మటాన్ని నున్నగా చేసేది 280 రెసిన్ చక్రం, ఎందుకంటే అది మెత్తగా రాయి వంపుకి లొంగుతుంది. మొత్తం సమయంలో సగం దీని మీదే పోయినా పర్లేదు. ఆ తర్వాత 600, 1200, 3000 త్వరగానే అయిపోతాయి.

గీత ఉందో లేదో తడి రాయి చెప్పదు, నీళ్లు గీతల్లో నిండి దాచేస్తాయి. పూర్తిగా తుడిచి, ఆరాక కిటికీ వెలుగుకి ఏటవాలుగా తిప్పండి. తెల్లవెంట్రుకలాంటి గీత ఒక్కటి కనిపించినా ముందు చక్రానికే వెనక్కి పోవాలి. 3000 మీద ఎంతసేపు రుద్దినా 220 గీత పోదు, మెరిసే గీత అవుతుందంతే.

చివరి మెరుగు సీరియం ఆక్సైడ్‌ని పెరుగులా కలిపి ఫెల్టు (ఒత్తిన ఉన్ని) మీద. ఫెల్టు తడి నుంచి చెమ్మకి మారే క్షణంలోనే మెరుపు పుడుతుంది, అప్పుడే రాయి చేతిలోంచి లాగినట్టవుతుంది. అదే క్షణంలో వేడీ పెరుగుతుంది, ఆలస్యం చేస్తే పగులు.

కమ్మచ్చు:
బల్లలు రెండు కావాలి, అదీ ఎదురెదురు గోడలకి. సాన బల్ల కిటికీ దగ్గర, టంకం (వెండి అతికే) బల్ల నీడగా ఉండే మూల. వెండి మంద ఎరుపుకి రావడం ఎండ వెలుగులో కనపడదు, చూస్తుండగానే కరిగిపోతుంది. ఆ మూలే పొగ లాగేసే ఫ్యాను పెట్టండి.

గృహ సిలిండర్ వంటకే ఇస్తారు, దాని జోలికి వద్దు. 5 కిలోల చిన్న సిలిండర్ తీసుకోండి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, నేలమీదే పాకుతుంది. పై కిటికీ తెరిస్తే సరిపోదు, తలుపు కింద సందు ఉండాలి.

18×13 మిల్లీమీటర్ల రాయికి చుట్టూ నిలబెట్టి బిగించే 0.3 మిల్లీమీటర్ల మందం వెండి పట్టీ ఎంత పొడవు? రెండు కొలతల సగటు 15.5, దానికి పట్టీ మందం కలిపితే 15.8, దాన్ని 3.14తో గుణిస్తే దాదాపు 50 మిల్లీమీటర్లు. పట్టీ అతుకు హార్డ్ టంకంతో, పట్టీని అడుగు వెండి రేకుకి మీడియంతో, ఉంగరపు కమ్మీని ఈజీతో. హార్డ్ అన్నిటికన్నా ఎక్కువ వేడికి, ఈజీ తక్కువ వేడికి కరుగుతాయి, వరస తిరగబెడితే మొదటి అతుకు మళ్లీ ఊడుతుంది. టంకం కొనేటప్పుడు కాడ్మియం లేనిదే అడగండి, దాని పొగ విషం.

అతుకు మీద పూసే వెలిగారం (బోరాక్స్) ముందు తెల్లగా పొంగి టంకం ముక్కని పక్కకి నెడుతుంది. కంగారుపడి మంట పెంచకండి. పొంగు అణగనిచ్చి, ముక్కని చువ్వతో సర్దండి. వెలిగారం గాజులా పారదర్శకం అయ్యాక మంటని కింది రేకు మీదే తిప్పండి. పల్చటి పట్టీకి నేరుగా పెడితే రేకు వేడెక్కేలోపు పట్టీ కరుగుతుంది. టంకం ఎప్పుడూ వేడి ఎక్కువున్న వైపే పరుగెత్తుతుంది.

నల్లదనం పోవడానికి లీటరు వేడి నీళ్లకి 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). ఇనప పట్టకారు ముంచితే వెండికి రాగి పూత పడుతుంది, రాగిదో చెక్కదో వాడండి.

గీటురాయి:
పటిక నీళ్లు కూడా పనిచేస్తాయి, కాకపోతే మరుగుతున్నంత వేడి కావాలి. షెడ్డులో నిమ్మ ఉప్పే నయం.

నీటిసాన:
ఒకటి మర్చిపోయాం. రాయి అడుగు అంచుని 220 మీద అర మిల్లీమీటరు ఏటవాలుగా కొట్టాలి. పట్టీ, రేకు కలిసే మూలలో టంకం కొంచెం నిండి ఉంటుంది. అంచు పదునుగా వదిలేస్తే రాయి దాని మీద కూర్చుని ఊగుతుంది, పట్టీ నొక్కగానే అంచు పెచ్చు లేస్తుంది.