క్లెప్ పరీక్షలకు ఫ్లాష్‌కార్డులు: దొరికినవి చాలునా, రాసుకోవాలా?

ఫ్రిస్కో_అమ్మ
మా అబ్బాయి ఆగస్టులో టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరబోతున్నాడు. ఈలోగా అమెరికన్ గవర్నమెంట్, అమెరికా చరిత్ర మొదటి భాగం, ఇంట్రడక్టరీ సైకాలజీ క్లెప్ పరీక్షలు (కళాశాలలో కోర్సు చేయకుండానే దాని క్రెడిట్లు తెచ్చిపెట్టే పరీక్షలు) రాసి క్రెడిట్లు తెచ్చుకుంటానంటున్నాడు. క్విజ్‌లెట్ అనే సైటులో ఎవరో చేసిపెట్టిన కార్డులనే రోజూ తిరగేస్తున్నాడు. అవి సరిపోతాయా, లేక ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో సొంతంగా రాసుకోవాలా? సాహిత్యం పరీక్షకు కూడా కార్డులు పనికివస్తాయా? టెక్సాస్‌లో గవర్నమెంట్ క్రెడిట్ల విషయంలో ఏదో మెలిక ఉందని కూడా విన్నాను. తెలిసినవారు దయచేసి చెప్పండి.

రాత్రిబడి
సొంత కార్డులే రాసుకోమనండి. నేను హెచ్-4 వీసా మీద ఉన్న రోజుల్లో, పిల్లలు పడుకున్న తర్వాత ఆంకీ ముందు కూర్చుని, డిగ్రీకి కావలసిన సాధారణ కోర్సుల్లో చాలా భాగం ఈ పరీక్షలతోనే గట్టెక్కించాను. ఒకవైపు సుప్రీంకోర్టు కేసు పేరు "మార్బరీ, 1803" అనీ, రెండోవైపు "న్యాయ సమీక్ష" అనీ ఉన్న కార్డు చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, పరీక్షలో అడిగే తీరు వేరు. నేను ఒక్కో కేసుకు వివాదం ఏమిటో, కోర్టు ఎవరి అధికారాన్ని సమర్థించిందో, ఏ ఇతర కేసుతో పొరబడే ప్రమాదం ఉందో విడివిడి కార్డులుగా రాసేదాన్ని. 1819 నాటి మెకల్లాక్ కేసు, 1824 నాటి గిబ్బన్స్ కేసు రెండూ కేంద్రం బలాన్ని పెంచినవే. అయితే మొదటిది జాతీయ బ్యాంకు గురించినది. రెండోది న్యూయార్క్ జలాల్లో ఆవిరి పడవల గుత్తాధిపత్యం గురించి వచ్చి, రాష్ట్రాల మధ్య వాణిజ్యంపై కాంగ్రెస్‌కు ఉన్న అధికారాన్ని తేల్చినది. ఈ తేడా పట్టుబడేది కార్డు రాసేటప్పుడే.

అట్లాంటా_అన్న
నూటికి నూరు పాళ్లు సమ్మతిస్తాను. మా చెల్లెలు సైకాలజీ కోసం దించుకున్న డెక్కులో (కార్డుల కట్టలో) "నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే తప్పు చేసినవారిని శిక్షించడం" అని రాసి ఉంది. దాన్ని అప్పటికే ఎంతమంది కాపీ చేసుకుని తమ డెక్కుల్లో పెట్టుకున్నారో చూస్తే కడుపు మండిపోయింది. పరీక్షలో తప్పకుండా తగిలే అంశం మీదే ఇంత నిర్లక్ష్యమా?

గురుపీఠం
అనవసరంగా బెదరగొడుతున్నారు. నేను ఏళ్ల తరబడి విద్యార్థులకు ఇలాంటి పరీక్షలకు శిక్షణ ఇస్తున్నాను కాబట్టి అధికారంతోనే చెబుతున్నాను. క్లెప్ స్కోరు 20 నుంచి 80 వరకు ఉంటుంది. 50 వస్తే ఉత్తీర్ణులైనట్టే. 80 వచ్చినా సైకాలజీకి ఇచ్చేది అవే 3 క్రెడిట్లు. అంతమాత్రానికి కార్డులు రాసుకుంటూ కూర్చోవడం కాలయాపన. ఇక ఆ కార్డులో అంత ఘోరమైన తప్పు కూడా ఏమీ లేదు. నెగటివ్ అన్నాక అది శిక్ష కోవలోకే వస్తుంది.

అట్లాంటా_అన్న
క్షమించాలి గురువుగారూ, మీరు పాఠం చెప్పిన పిల్లలను తలచుకుంటే జాలి కలుగుతోంది. కారెక్కి సీటుబెల్టు పెట్టుకోకపోతే అలారం మోగుతూనే ఉంటుంది. బెల్టు పెట్టుకున్న క్షణాన ఆగిపోతుంది. ఆ చికాకు తొలగిపోయింది కాబట్టి రేపు ఎక్కగానే బెల్టు పెట్టుకుంటాం. చికాకును తొలగించి ఒక అలవాటును పెంచడం నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. అలవాటును తగ్గించేది మాత్రమే శిక్ష. ఒకటి పెంచేది, మరొకటి తగ్గించేది అయినప్పుడు రెండూ ఒకే కోవ ఎలా అవుతాయి?

గురుపీఠం
అలారం మోగడమే డ్రైవరుకు శిక్ష కదా! ఉదాహరణ మీరే ఇచ్చి నా మాటనే నిరూపించారు. ఇంటర్నెట్‌లో నాలుగు ముక్కలు చదివి పెద్దలను ఎగతాళి చేయడం ఇప్పటి పద్ధతి కాబోలు.

కార్డులపిచ్చి
గురువుగారూ, ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టుంది మీ వాదన. ఏ ప్రవర్తన పెరిగింది, ఏది తగ్గింది అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. బెల్టు పెట్టుకోవడం పెరిగింది, కాబట్టి అది రీఇన్‌ఫోర్స్‌మెంటే. ఇక అసలు సంగతికి వస్తాను. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం గడిచాక పెట్టిన పరీక్షలో మాత్రం, చూడకుండా గుర్తుచేసుకోవడం అభ్యసించినవారే ముందున్నారు. అమ్మగారి అబ్బాయి కార్డును తిరగేసి జవాబు చూసి "ఆఁ, ఇది నాకు తెలుసు" అనుకుంటున్నాడంటే, అది మళ్లీ చదవడమే. జవాబు పైకి చెప్పి, ఆ తర్వాతే కార్డు తిప్పమనండి.

ఏ కార్డును మళ్లీ ఎప్పుడు చూపాలో లెక్కకట్టడానికి ఆంకీలో 2023లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ పద్ధతిని ఎంచుకోండి. ఎంత శాతం గుర్తుండాలో అందులో మనమే నిర్ణయించుకోవచ్చు. మొదట 90 శాతం దగ్గర పెట్టి ఉంటుంది. దాన్ని 97కు పెంచితే రోజూ వచ్చే కార్డులు కొండలా పేరుకుపోయి, పిల్లవాడు విసిగి మానేస్తాడు.

బే_ఏరియా_బాబాయి
ఆంకీ ఉచితమని అందరూ ఊదరగొడతారు గానీ, ఐఫోన్ యాప్‌కు సుమారు 25 డాలర్లు తీసుకుంటున్నారని ఒక్కరూ చెప్పరు.

కార్డులపిచ్చి
అది ఒక్కసారి కట్టే సొమ్ము మాత్రమే, బాబాయిగారూ. కంప్యూటరులో, ఆండ్రాయిడ్‌లో పూర్తిగా ఉచితం. ఖర్చు గురించే మీ బెంగ అయితే మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ వారి ఉచిత కోర్సు పూర్తిచేయండి, క్లెప్ పరీక్ష రుసుముకు వోచరు ఇస్తారు. దాని ముందు 25 డాలర్లు ఎంత?

చదువరి_చిన్నది
సాహిత్యం గురించి అడిగిన ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు. అనలైజింగ్ అండ్ ఇంటర్‌ప్రెటింగ్ లిటరేచర్ పరీక్షలో ముందుగా చదివి రావలసిన పుస్తకాల జాబితా ఏదీ ఉండదు. ఒక పద్యమో, గద్యఖండమో, నాటకంలోని భాగమో అక్కడే ఇస్తారు, దాని మీదే ప్రశ్నలు అడుగుతారు. రూపకం, వ్యంగ్యం, ఛందస్సు వంటి పరిభాషకు కాసిన్ని కార్డులు చాలు. మిగతా సమయమంతా తెలియని పద్యాన్ని తీసుకుని, మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో, ఏ ధోరణిలో అని వెతుక్కోవడానికే కేటాయించాలి. పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు వల్లెవేసిన మా స్నేహితురాలు బయటికి వచ్చి లబోదిబోమంది.

గురుపీఠం
నేను మొదట చెప్పిన మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. 50 వస్తే చాలు.

డాలస్_తండ్రి
చాలదండీ. 50 అన్నది అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫారసు మాత్రమే. క్రెడిట్ ఇవ్వాలా వద్దా, ఎంత స్కోరుకు ఇవ్వాలి అన్నది కళాశాల ఇష్టం. మా అమ్మాయికి 50 దాటి వచ్చినా, చేరిన కళాశాల ఆ సబ్జెక్టుకు ఇంకా ఎక్కువ అడగడంతో ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరయింది. ఏ డెక్కు మంచిదో వాదించుకునే ముందు ఆ విశ్వవిద్యాలయం కేటలాగులో క్లెప్ పట్టిక తెరిచి చూడండి. పైగా వైద్యవిద్యకు వెళ్లాలనుకునే పిల్లలు జీవశాస్త్రం, రసాయనశాస్త్రం క్లెప్‌తో దాటేస్తే, ఆ క్రెడిట్లను ఒప్పుకోని మెడికల్ కళాశాలలు చాలానే ఉన్నాయి.

అమ్మగారు అడిగిన టెక్సాస్ మెలిక నిజమే. ఇక్కడి ప్రభుత్వ కళాశాలల్లో డిగ్రీకి గవర్నమెంట్‌లో 6 క్రెడిట్లు కావాలి, అందులో అమెరికా రాజ్యాంగంతో పాటు టెక్సాస్ రాజ్యాంగం కూడా ఉండాలి. క్లెప్ అమెరికన్ గవర్నమెంట్‌లో టెక్సాస్ ఊసే ఉండదు. అందుచేత కొన్నిచోట్ల టెక్సాస్ భాగానికి వేరే పరీక్ష పెడతారు, కొన్నిచోట్ల వేరే కోర్సు చేయమంటారు.

బే_ఏరియా_బాబాయి
ఇంత తిరకాసు ఉన్నప్పుడు, హైస్కూల్లోనే కళాశాల క్రెడిట్ల కోసం రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలే రాయించవచ్చు కదా?

డాలస్_తండ్రి
ఏపీ పరీక్షలు ఏడాదికి ఒక్కసారి, మే నెలలో జరుగుతాయి. క్లెప్‌ను ఏడాది పొడవునా రాయవచ్చు. ఆగస్టులో చేరే పిల్లవాడికి ఇప్పుడు ఏపీ గురించి చెప్పి లాభమేమిటి?

అట్లాంటా_అన్న
"అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలు" అని పేరు పెట్టిన డెక్కుల జోలికి మాత్రం వెళ్లనివ్వకండి. ప్రశ్నలు బయటపెట్టబోమని ప్రతి అభ్యర్థీ క్లెప్ నిర్వహించే కాలేజీ బోర్డుకు ఒప్పుకునే పరీక్ష రాస్తాడు. అలాంటి వ్యవహారంలో ఇరుక్కుంటే స్కోరు రద్దు చేసే అధికారం వారికి ఉంటుంది. ఆ డెక్కులు తయారుచేసేవారిలోనూ మన గురుపీఠం వంటి పండితులు ఉండవచ్చు.

గురుపీఠం
వ్యక్తిగత దూషణకు దిగారు కాబట్టి ఇక్కడితో నేను విరమిస్తున్నాను. నా విద్యార్థుల స్కోర్లే సమాధానం చెబుతాయి.

ఫ్రిస్కో_అమ్మ
అందరికీ ధన్యవాదాలు. అలారం ఉదాహరణ మావాడికి నచ్చింది, దానితోనే మొదటి సొంత కార్డు రాసుకున్నాడు. విశ్వవిద్యాలయం కేటలాగు చూశాను; చరిత్రకు, సైకాలజీకి 50 సరిపోతుంది, గవర్నమెంట్‌కు టెక్సాస్ భాగం వేరుగా ఉంది. మూడింటిలో ఏది ముందు రాయించమంటారు?

డాలస్_తండ్రి
వాడికి ఏది కష్టమనిపిస్తే అది ముందు రాయించండి అమ్మా. తప్పితే అదే పరీక్షను 3 నెలల దాకా మళ్లీ రాయనివ్వరు. మే నెల మధ్యలో తప్పితే ఆగస్టులో తరగతులు మొదలయ్యే లోపు ఇంకో అవకాశం దొరకడం కష్టం. తేదీ ఇప్పుడే తీసుకోండి.

రాత్రిబడి
తేదీ తీసుకున్నాక ఆంకీలో కొత్త కార్డులు రావడాన్ని పరీక్షకు వారం ముందే ఆపేయమనండి. చివరి వారం పాతవి తిరగేయడానికే చాలదు.