సమస్యాపూరణం: కన్ను మూసిన వారికే కానఁబడెను

సంచాలకుడు:
ముసురు పట్టిన అడవిలో పక్షులను చూడబోయి, తడిసి ముద్దయి తిరిగివచ్చిన మిత్రుల మాటలు వింటుండగా ఈ పాదం తోచింది. తోచినది తోచినట్లే ఇస్తున్నాను.

కన్ను మూసిన వారికే కానఁబడెను

అడవి, వాన, పక్షి అనే మూడింటిలో ఏదీ పూరణలో జారిపోకూడదు. కలలో కనబడిందని ముగించే పూరణలు ఈ పాదానికి అందరికీ తోచేవే కనుక, వాటిని దాటి ఆలోచించవలసిందిగా కోరుతున్నాను.

ఏలూరు మిత్రుడు:
చాతకము కూయు నడవిలోఁ దడిసి నిలిచి
గొడుగుఁ బట్టిన చేతికిఁ గుదురు లేక
నిదుర వోవఁగఁ గలలోన నెమలి యాట
కన్ను మూసిన వారికే కానఁబడెను

గుంటూరు పంతులుగారు:
మొదటి పాదంలోనే యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో కుదరవలసిన పొత్తు, తప్పింది. ‘చా’కు ‘ద’తో మైత్రి లేదు, రెండవ అక్షరాలను కలిపే ప్రాసయతి అనుకుందామన్నా ‘త’కు ‘డ’ కలియదు. ‘నడవిలోఁ జలికి నిలిచి’ అంటే యతీ కుదురుతుంది, వానలో నిలిచినవాడి అవస్థా తెలుస్తుంది. రెండవ పాదం మాత్రం నాకు చాలా నచ్చింది. గొడుగు పట్టిన చేత్తో దుర్భిణి నిలకడగా పట్టడం ఎవరి వల్లా కాదు, అందుకే అడవికి వెళ్ళేవారు గొడుగు మాని టోపీ ఉన్న వానకోటు తొడుక్కుంటారు. ఇంతటి అనుభవం చేతిలో ఉండగా, సంచాలకులు ముందే వద్దన్న కలలోకి వెళ్ళవలసిన అవసరం లేదు. నైరుతి ఋతుపవనాలకు కాస్త ముందుగా వచ్చే చాతకాన్ని, నలుపు తెలుపుల ఒంటిని, తల మీది జుట్టును ఎదుట పెట్టుకొని ఆఖరికి నెమలి దగ్గర తేలడం కూడా నాకు సమ్మతం కాదు. పద్యంలో ఏ పక్షి కూసిందో ఆ పక్షే కనబడాలి.

ఖమ్మం మాస్టారు:
ముసురు వానలో కొండపై మూఁగ మబ్బు
గొట్టమున నొక్క కంటిని గురిగ నిల్పి
వెదకఁ గొమ్ముముక్కు పులుఁగు వేఱె యైన
కన్ను మూసిన వారికే కానఁబడెను

సమస్యలో ‘కన్నులు’ అని లేదు, ‘కన్ను’ అని ఉంది. ముక్కాలిపీట మీద నిలిపిన ఒంటిగొట్టపు దుర్భిణిలోకి చూసేవారు సాధారణంగా రెండవ కన్ను మూస్తారు కాబట్టి పాదంలోని విరోధం అక్కడే తీరిపోయింది.

సిద్ధవటం కవిమిత్రుడు:
ఏకవచనాన్ని పట్టుకొన్న తీరుకు మాస్టారికి నమస్కారం. మూడు మాటల్లో సమస్య విడిపోయింది. అయితే ఒక సందేహం ఉంది. కొమ్ముముక్కు పులుగు, అంటే హార్న్‌బిల్, పెద్ద పక్షి. దాని అరుపు దూరం నుంచే తెలుస్తుంది, ఎగిరినప్పుడు రెక్కల చప్పుడూ తెలుస్తుంది. దానిని కనుగొనడానికి దుర్భిణి అంతగా అవసరమా?

ఖమ్మం మాస్టారు:
మబ్బు కొండ మీదికి దిగినప్పుడు అవసరమే. అరుపు ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుస్తుంది గాని, ఆకుల నడుమ ఉన్నది పక్షో ఎండుకొమ్మో వట్టి కంటికి తేలదు. అద్దం మీద ఊపిరి ఆవిరి కమ్మి, తుడిచి, మళ్ళీ కన్ను ఆనించేసరికి మబ్బు ఒక్క క్షణం విడుతుంది. ఆ ఒక్క క్షణమే నా పద్యం.

గుంటూరు పంతులుగారు:
ఆ క్షణం మీ వివరణలో ఉంది, పద్యంలో లేదు. మూఁగిన మబ్బు విడినట్లు నాలుగు పాదాల్లో ఎక్కడా చెప్పలేదు. చమత్కారం మాత్రం మొదటి తరగతిది, అందులో నాకు రెండవ మాట లేదు. నా పూరణ:

నల్లమలలోనఁ దొలకరి నాఁటి ముసురు
పొదల లోపలి పొన్నంగి పొడయు దాఁగె
వెంట వినవచ్చె రెండీల వేణుగతిని
కన్ను మూసిన వారికే కానఁబడెను

పొన్నంగి పిట్ట నేల మీద రాలిన ఆకులను తిరగేస్తూ పురుగులను ఏరుకొంటుంది. వీపు ఆకుపచ్చ, కడుపు కింద ఎరుపు, కంటి మీదుగా నల్లని పట్టీ ఉన్న అంత అందమైన పిట్ట, తడిసిన పొదల చీకట్లో ఎదుటే ఉన్నా కనబడదు. తెల్లవారుజామున, సందెవేళ రెండు స్వరాల ఈల వేస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లో పగలు కూడా కూస్తుంది. కన్ను మూసి ఆ రెండు ఈలలు విన్నవారికి పిట్ట ఎక్కడ ఉందో తెలుస్తుంది, కళ్ళు చించుకొని చూసేవారికి తెలియదు.

సిద్ధవటం కవిమిత్రుడు:
మూడవ పాదం చక్కగా కుదిరింది. ‘రెండీల’ అన్నప్పుడు పిట్ట గొంతు చెవిన పడింది. పంతులుగారు ఈసారి ఋతువు కూడా తప్పలేదు. మునుపటి పూరణలో ఆషాఢ మాసంలో నేలపట్టు పక్షుల కేంద్రంలోని చెట్ల మీద గూడబాతుల, అంటే పెలికాన్ల, గూళ్ళు కట్టించారని, అక్కడ అవి ఈశాన్య ఋతుపవనాల వానలకు చెరువు నిండిన తరువాత, అక్టోబరు మొదలుకొని వచ్చి గూళ్ళు పెడతాయని నేను అప్పుడే వ్రాశాను. ఆనాడు దానిని కవిసమయం, అంటే కవులు తరతరాలుగా ఒప్పుకొన్న కల్పన, అన్నారు. చాతకం వానచినుకునే తాగుతుందంటే అది కవిసమయం, గూడబాతు ఆషాఢంలో గూడు కట్టిందంటే కాదు.

గుంటూరు పంతులుగారు:
ఆ పద్యంలో నేను గూళ్ళు అన్నాను గాని పిల్లలు అనలేదు. కిందటి ఏటి గూటి పుల్లలు చెట్ల మీద మిగిలి ఉండడం అసంభవం కాదు. ఆ చర్చను ఆ పద్యం దగ్గరే ఉంచి, తమ పూరణను చూపవలసిందిగా కోరుతున్నాను.

సిద్ధవటం కవిమిత్రుడు:
లంకమల రేయి చినుకులో లాంతరార్పి
కలివికోడిని వినువారు గలరు గాని
చూచినట్టి వారెవ్వరు చుట్టుపట్ల
కన్ను మూసిన వారికే కానఁబడెను

సమస్యలోని మాటకు లోకంలో ఉన్న అర్థాన్నే తీసుకొన్నాను. కలివికోడి మా లంకమల కొండల్లో రాత్రి తిరిగే పక్షి, పొద్దుగూకిన తరువాత కొద్దిసేపే కూస్తుంది. దాని ఉనికిని తెలుసుకోవడానికి పరిశోధకులు పొదల నడుమ సన్నని మట్టిపట్టీలు పరచి, తెల్లవారాక వాటి మీద మూడు వేళ్ళ అడుగుజాడ కోసం వెదికేవారు. ఒక జల్లు పడితే ఆ జాడ చెరిగిపోతుంది. వాన కురిసిన రాత్రి ఆ పక్షి అక్కడ నడిచినా నడవనట్లే అవుతుంది. ఆ బాధలోంచి వచ్చిన పద్యం ఇది.

గుంటూరు పంతులుగారు:
‘లాంతరార్పి’ అన్న మాట యతికి యతి, దృశ్యానికి దృశ్యం. పద్యం నడక నన్ను కదిలించిందని ఒప్పుకొంటాను. కాని మూడు, నాలుగు పాదాలు చెప్పినది నిజం కాదు. 1900 తరువాత ఎవరికీ కనబడక, లోకంలో లేదనుకొన్న కలివికోడి 1986 జనవరిలో తమ ప్రాంతంలోనే మళ్ళీ దొరికింది. అప్పటి నుంచి చూసినవారు ఎందరో ఉన్నారు. బ్రతికి ఉన్నవారిని తమ పద్యం కన్ను మూయించింది. ఋతువు విషయంలో నన్ను అంత నిక్కచ్చిగా నిలదీసినవారు సంవత్సరం విషయంలో ఇంత ఉదారంగా ఉండడం న్యాయం కాదు.

సిద్ధవటం కవిమిత్రుడు:
అయితే మూడవ పాదాన్ని ఇలా చదవండి.

యెనుబదాఱవ యేఁటికి నెవరు గనిరి

ఇప్పుడు 1986 ముంగిట నిలిచి అడిగిన ప్రశ్న అయింది. అంతకు ముందు చూసి వ్రాసిపెట్టిన వారందరూ కన్ను మూసినవారే.

ఖమ్మం మాస్టారు:
యతి బాగుంది, కాలమూ కుదిరింది. అయినా ఒక మాట మిగిలింది. 1986లో ఆ పక్షిని చూపించినది ఉచ్చులు పన్నే స్థానికుడు. దాని ఫలానా కూత, ఫలానా పొద అడవి అంచు పల్లెల్లో తెలిసినవారు ఉండబట్టే వెదకవచ్చినవారికి దొరికింది. ‘ఎవరు గనిరి’ అన్న ప్రశ్నకు ఆ పల్లెలో జవాబు ఉంది. వ్రాసినవారిని మాత్రమే చూసినవారుగా లెక్కించడం కవికి తగదని నా అభిప్రాయం.

రంపచోడవరం సోదరి:
అన్నలందరికీ నమస్కారం. నా పూరణ:

పాపికొండల మెట్టిన ప్రజలు లేరు
పచ్చ పావుర మొక్కటి పలుకు లేక
తెరలు గట్టుచుఁ గొండపైఁ దిరిగి జగతి
కన్ను మూసిన వారికే కానఁబడెను

జగతి కన్ను సూర్యుడు. వారి అంటే నీరు. పొద్దును కప్పేసిన వాననీటికి తప్ప ఆ పావురం ఎవరి కంటా పడలేదు.

గుంటూరు పంతులుగారు:
సోదరీ, మేమందరం ‘కన్ను’ మీద నిలిచిపోగా ‘వారి’ని చూసినది మీరొక్కరే. మనుషులకు చెప్పిన పాదాన్ని నీటికి మార్చారు, ఒక్క అక్షరం కూడా విరగలేదు. వానలో పచ్చ పావురం ఈల మాని, ఆకుల్లో ఆకై కదలకుండా కూర్చోవడం కూడా ఉన్నదున్నట్లు ఉంది.

సిద్ధవటం కవిమిత్రుడు:
పంతులుగారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ‘మెట్టిన ప్రజలు లేరు’ అనడంలోనే చూడబోయినవారు వానకు వెనుదిరిగారన్న సంగతి ఇమిడింది.

సంచాలకుడు:
ఈ వారం మొదటి మెప్పు రంపచోడవరం సోదరికి. పొన్నంగి పూరణను, ఒంటికంటి పూరణను దాని పక్కన ఉంచుతున్నాను. ఏలూరు మిత్రుడు ‘జలికి’ సవరణతో, చాతకమే కనబడేలా పద్యాన్ని తిరగవ్రాసి పంపవలసిందిగా కోరుతున్నాను. లంకమల పద్యాన్ని సవరించిన మూడవ పాదంతోనే భద్రపరుస్తాను, మాస్టారి అభ్యంతరాన్ని కూడా దాని కిందనే ఉంచుతాను.