బీటిల్స్ ఎర్ర అట్ట సంకలనం దొరికింది. నీలిదాన్ని కూడా కొనాలా?

ప్రశ్న (తిరుపతి):
చిత్తూరులో ఉంటున్న మా మేనమామగారు ఇల్లు మారుతూ తమ రికార్డులన్నీ నాకు అప్పగించారు. వాటిలో బ్రిటన్ రాక్ బృందం బీటిల్స్ వారి 1962–1966 పాటల సంకలనం, ఎర్ర అట్టది, ఉన్నది. దాని జంట అయిన 1967–1970 నీలి అట్టను తిరుపతిలో చదువుకునే రోజుల్లో హాస్టల్ మిత్రుడొకరు తీసుకుని తిరిగి ఇవ్వలేదట. 1970లోనే విడిపోయిన బృందానికి 1973లో ఈ సంకలనాలను కూర్చినది ఎవరు? నీలిదాన్ని వెతకడం మేలా, అసలు ఆల్బమ్‌లు కొనడం మేలా?

జవాబు (చిత్తూరు):
అమెరికాలో ‘ఆల్ఫా ఒమేగా’ పేరుతో అనుమతి లేని రికార్డులను టీవీ ప్రకటనలిచ్చి మరీ అమ్మడంతో, దానికి పోటీగా అప్పటి మేనేజర్ ఆలెన్ క్లైన్ ఆధ్వర్యంలో ఇవి వెలువడ్డాయి. అట్టలను మాత్రం పక్కపక్కన పెట్టి చూడవలసిందే: లండన్‌లోని వారి రికార్డు కంపెనీ ఈఎంఐ కార్యాలయపు మెట్ల దగ్గర 1963లో తీసిన ఫొటో ఎర్రదానిపై, అదే చోట అదే ఫొటోగ్రాఫర్ 1969లో తీసినది నీలిదానిపై ఉంటాయి. ఆరేళ్లలో ఆ నలుగురూ ఎంత మారిపోయారో!

జవాబు (తిరుపతి):
నా అభిప్రాయంలో మీరు మొదట కొనవలసింది బీటిల్స్ 1966 ఆల్బమ్ ‘రివాల్వర్’. ఎర్రదానిలోని 26 పాటలూ బృంద సభ్యులు లెనన్, మెకార్ట్నీల పేరిట ఉన్నవే కాబట్టి, ‘రివాల్వర్’కు తొలి పాటయిన, మరో సభ్యుడు జార్జ్ హారిసన్ రాసిన ‘టాక్స్‌మ్యాన్’కు అందులో చోటు దక్కలేదు. దానికి ముందరి ఆల్బమ్ ‘రబ్బర్ సోల్’ నుంచి ఆరు పాటలు తీసుకున్నవారు, 14 పాటల ‘రివాల్వర్’ నుంచి రెండింటితోనే సరిపెట్టారు. ఒక్క సంకలనంతో బృందాన్ని అంచనా వేస్తే ఇటువంటి పొరపాటే జరుగుతుంది. అయితే నీలిదాన్ని తీసిపారేయలేము. హారిసన్ పాటలు అందులో నాలుగున్నాయి, పైగా బ్రిటన్‌లో సింగిల్‌గానే (విడి పాటల చిన్న రికార్డుగా) విడుదలైన ‘హే జూడ్’ వంటివి అసలు ఆల్బమ్‌లలో దొరకవు.

జవాబు (మదనపల్లె):
2023లో వచ్చిన కొత్త కూర్పులో ఎర్రదానికి 38, నీలిదానికి 37 పాటలయ్యాయి. పై మిత్రులు చెప్పిన ‘టాక్స్‌మ్యాన్’ కూడా చేరింది. ఎల్పీ (వినైల్ రికార్డుల) పెట్టెలో అదనపు పాటలను మూడో రికార్డులో ఉంచినందున పాత వరుస చెడలేదు. కానీ మిక్స్ (గొంతులు, వాయిద్యాల ధ్వనులను కలిపిన తీరు) కొత్తది కనుక, మీ మామగారి రికార్డు విన్న చెవికి కొన్ని పాటలు వేరుగా వినిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ‘రివాల్వర్’ కొంటాను. నీలిదాని విషయంలో మాత్రం ముందుగా ఆ హాస్టల్ మిత్రుడు ఇప్పుడెక్కడ ఉన్నారో మామగారిని అడిగి చూస్తాను.